అంజూ బాబీ జార్జ్ 6.83 మీటర్లు: ఆ క్రీడా జీవితాన్ని దేనితో కొలవాలి?

ఇసుకగుంత మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. కిందటి వారం మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లాంగ్‌జంప్‌లో 4.41 మీటర్లు దూకి, కాళ్లకు అంటిన ఇసుక దులుపుకుంటూ వచ్చి, "మన దేశంలో ఆడవాళ్లు ఎక్కువలో ఎక్కువ ఎంత దూకారు సార్?" అని అడిగింది. అంజూ బాబీ జార్జ్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో దూకిన 6.83 మీటర్ల గురించి నోటిమాటగా చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. టేపు సున్నా కొసను టేకాఫ్ చెక్క అంచున ఆ అమ్మాయి చేతనే పట్టించి, నేను టేపు లాగుకుంటూ నడిచాను. మా గుంత చెక్కకు మీటరు దూరంలో మొదలై ఆరు మీటర్ల దగ్గర ముగుస్తుంది. 6.83 గుంతను దాటి, గట్టును దాటి, వేపచెట్టు కింద గడ్డిలో పడింది. అక్కడ ఒక మేకు దిగగొట్టాను. పిల్లలు ఆ మేకు వైపూ చెక్క వైపూ మార్చి మార్చి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

తరువాత పదో తరగతి కుర్రాడు ఒకడు, "అంత దూకితే ఒలింపిక్ పతకం వచ్చిందా సార్?" అని అడిగాడు. రాలేదని చెప్పాను. అతడి ముఖంలో ఆసక్తి అక్కడికక్కడే చల్లారిపోయింది. అప్పటినుంచి ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. 2003లో పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 6.70కి కాంస్యం వచ్చింది. ఏడాది తిరగకముందే ఏథెన్స్‌లో అంతకంటే 13 సెంటీమీటర్లు ఎక్కువ దూకితే పతకం రాలేదు. ఈ క్రీడాకారిణి జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు పారిస్‌ను ముందు పెట్టాలా, ఏథెన్స్‌ను ముందు పెట్టాలా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

గచ్చిబౌలి గ్యాలరీ

మాస్టారూ, నా మాట అడిగితే పారిస్‌నే ముందు పెట్టండి. అందుకు నా కారణం కొంత సొంతమైనది. 2003 అక్టోబరు, నవంబరు నెలల్లో హైదరాబాదులో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగినప్పుడు నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. పారిస్ పతకం వచ్చి అప్పటికి రెండు నెలలే అయింది. గచ్చిబౌలిలో కొత్తగా కట్టిన అథ్లెటిక్స్ స్టేడియానికి మా నాన్నగారు నన్ను తీసుకువెళ్లారు. అప్పట్లో అటువైపు బస్సులు చాలా తక్కువ కాబట్టి చివరి రెండు మూడు కిలోమీటర్లు నడిచే వెళ్లాము.

టీవీలో లాంగ్‌జంప్ చూసినవారికి ఆ గెంతు మాత్రమే కనిపిస్తుంది. స్టేడియంలో కూర్చున్న నాకు ముందుగా గుర్తున్నది ఆ పరుగు. రన్‌వే చివర తన గుర్తు దగ్గర ఆమె నిలబడి, ఇసుక వైపు ఒకసారి చూసి కదిలారు. మొదటి అడుగులు తొందరపడకుండా పడ్డాయి, తరువాత ఒక్కో అడుగుకు వేగం పెరుగుతూ వచ్చింది, చెక్క మీద పాదం తగిలిన చప్పుడు మా వరుస దాకా వినిపించింది. ఆ చప్పుడు తరువాత గాలిలో ఉన్న క్షణంలో గ్యాలరీ అంతా ఊపిరి బిగబట్టినట్లు నిశ్శబ్దమైపోయింది. ఆ రోజు ఆమె బంగారు పతకం గెలిచారు. "ప్రపంచంలో మూడో స్థానం తెచ్చుకున్న మనిషిని మన ఊళ్లో చూశాము" అని నాన్నగారు ఇంటికి వెళ్లేదాకా అంటూనే ఉన్నారు.

పారిస్‌కు ముందు ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో పతకం తెచ్చిన భారతీయులు, పురుషుల్లోనైనా స్త్రీలలోనైనా, ఒక్కరు కూడా లేరు. ఆమె తరువాత నీరజ్ చోప్రా 2022లో యూజీన్‌లో వెండి గెలిచేదాకా, అంటే మరో 19 సంవత్సరాల వరకు, రెండో పతకం రాలేదు.

తూకంరాళ్లు

నేను కొంచెం ఎదురు మాట్లాడవలసి వస్తోంది, ఎవరూ నొచ్చుకోవద్దని మనవి. అంజూ గారంటే నాకు గౌరవమే. అయితే మహిళల లాంగ్‌జంప్ ప్రపంచ రికార్డు 7.52 మీటర్లు. దాన్ని గలీనా చిస్త్యాకోవా 1988లోనే లెనిన్‌గ్రాడ్‌లో నెలకొల్పారు. ఆ లెక్కన 6.70 అన్నది ప్రపంచ స్థాయి పతకానికి తక్కువ దూరమే. పారిస్‌లో యూనిస్ బార్బర్ 6.99 దూకి గెలిచారు, తత్యానా కొతోవా 6.74తో రెండో స్థానంలో నిలిచారు, మూడో స్థానానికి ఆ రోజు 6.70 సరిపోయింది. 2007 ఒసాకా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అంజూ గారిది తొమ్మిదో స్థానం. 2008 బీజింగ్ ఒలింపిక్స్ అర్హత పోటీలో మూడు ప్రయత్నాలూ ఫౌల్ కావడంతో ఆమె పేరు పక్కన దూరమే నమోదు కాలేదు. పిల్లలకు చెప్పేటప్పుడు ఇవన్నీ దాచిపెట్టి ఒక్క పతకాన్ని మాత్రమే చూపిస్తే, అది క్రీడాకారిణి జీవితం కాదు, సన్మాన పత్రం అవుతుంది.

ఆఖరి అడుగు

తూకంరాళ్లు గారు చెప్పిన అంకెలన్నీ నిజమే. అయితే వాటిని ఆయన పేర్చిన వరుసతో నేను ఏకీభవించలేను. విశ్వవిద్యాలయ స్థాయిలో నేను ఆరేళ్లు లాంగ్‌జంప్ చేశాను. నా దూరాలు ఇక్కడ చెప్పుకోదగినవి కావు గానీ, ఆ రన్‌వే మీద ఏమి జరుగుతుందో కాళ్లకు తెలుసు.

లాంగ్‌జంప్‌లో అదృష్టం వల్ల ఒకసారి దూరం పడవచ్చు, ఆరేళ్లపాటు మాత్రం పడదు. అంజూ గారి దూరాలను సంవత్సరాల వారీగా చూడండి. 2001లో తిరువనంతపురంలో 6.74 దూకి జాతీయ రికార్డు నెలకొల్పారు. 2003లో పారిస్‌లో 6.70, 2004లో ఏథెన్స్‌లో 6.83 వచ్చాయి. 2005 హెల్సింకి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 6.66 దూకి ఐదో స్థానంలో నిలిచారు, అదే ఏడాది మోంటే కార్లోలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ ఫైనల్‌లో 6.75 దూకారు. 2007లో అమ్మాన్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 6.65తో వెండి తెచ్చుకున్నారు. ఆరేడేళ్లపాటు పెద్ద పోటీల్లో 6.65కు అటూ ఇటూగా నిలకడగా దూకగలిగిన మనిషికి ఒక రోజు పతకం వస్తే దానిని అదృష్టం అనకూడదు. అలాంటి రోజు కోసం ఆమె ఏళ్ల తరబడి సిద్ధంగా ఉన్నారు. పారిస్‌లో ఆ 6.70 వచ్చింది ఐదో ప్రయత్నంలో అన్న సంగతి కూడా గమనించాలి. అప్పటికి కాళ్లలో సగం శక్తి అయిపోయి ఉంటుంది, మిగిలినవి రెండే గెంతులు, కింద స్థానాల్లో ఉన్నవారు ఏ క్షణంలోనైనా పైకి రావచ్చు. అలాంటప్పుడు వేగం తగ్గించకుండా చెక్కను సరిగ్గా తొక్కడమే అసలైన పరీక్ష.

ఇక ఫౌల్ సంగతి. టేకాఫ్ చెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు. దాదాపు 40 మీటర్లు పరుగెత్తి వచ్చి, సెకనుకు తొమ్మిది మీటర్లకు పైగా వేగంలో, ఆ 20 సెంటీమీటర్లలో పాదం పెట్టాలి. బొటనవేలు గీత దాటితే ఎర్రజెండా లేస్తుంది, వెనక పడితే ఆ మేరకు దూరం పోతుంది, ఎందుకంటే ఎక్కడినుంచి లేచినా కొలత గీత నుంచే తీస్తారు. ఎదురుగాలి వీస్తే అడుగు కురచ అవుతుంది, వెనకగాలి తోస్తే సాగుతుంది. పరుగులో రెండంగుళాల తేడా మొదటి అడుగులోనే వచ్చినా, అది ఆఖరి అడుగులో బయటపడుతుంది. నేను ఒకసారి అంతర విశ్వవిద్యాలయ పోటీలకు రెండు రాత్రులు రైలులో ప్రయాణించి వెళ్లి, మూడు ప్రయత్నాలూ ఫౌల్ చేసి, అదే రైలులో తిరిగి వచ్చాను. మూడోసారి ఎర్రజెండా లేచినప్పుడు చెక్క ముందున్న మెత్తటి మైనం మీద నా బూటు ముద్రను వంగి చూశాను. వేలిగోరు మందం కూడా లేదు. కాబట్టి బీజింగ్‌ను దాచవద్దు అన్న మాట ఒప్పుకుంటాను. కానీ అది ఏమిటో తెలియజేసి చెప్పాలి.

కొట్టాయం కోడలు

మా పుట్టిల్లు తెనాలి దగ్గర, మెట్టినిల్లు కొట్టాయం జిల్లా. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి, ఆమె ఎక్కడినుంచి వచ్చారన్నది కొంత చెప్పగలను. పారిస్, ఏథెన్స్ రెండింటికంటే ముందు చెప్పవలసినది అదేనని నాకు అనిపిస్తోంది.

అంజూ గారు 1977 ఏప్రిల్ 19న చంగనాశేరి దగ్గర చీరంచిర అనే ఊళ్లో పుట్టారు. తండ్రి మార్కోస్ గారిది ఫర్నిచర్ వ్యాపారం. కూతురిని చిన్నప్పుడే ఆటల్లో పెట్టింది ఆయనే. కోరుత్తోడులోని పాఠశాలలో కె. పి. థామస్ గారి దగ్గర ఆమె శిక్షణ పొందారు. ఇక్కడ ఆయనను అందరూ థామస్ మాష్ అంటారు, మాష్ అంటే మన మాస్టారే. కోరుత్తోడు పెద్ద ఊరేమీ కాదు. రబ్బరు తోటల మధ్య ఎక్కుతూ దిగుతూ సాగే కొండదారిలో వస్తుంది. అలాంటి చోటి బడి కేరళ రాష్ట్ర పాఠశాలల క్రీడోత్సవాల్లో ఏళ్ల తరబడి ఛాంపియన్‌గా నిలిచిందంటే, దాని వెనుక ఒక మాష్ పట్టుదల ఉంది. ఆయనకు తరువాత ద్రోణాచార్య పురస్కారం లభించింది. ఈ రాష్ట్రంలో పాఠశాలల క్రీడోత్సవం జరిగే రోజుల్లో వార్తాపత్రికలు మొదటి పేజీలో పిల్లల ఫోటోలు వేస్తాయి, టీ కొట్ల దగ్గర ఏ జిల్లాకు ఎన్ని పాయింట్లు వచ్చాయని పెద్దవాళ్లు లెక్కలు వేసుకుంటారు. మొదట్లో నాకు అది వింతగా ఉండేది. మన దగ్గర పదో తరగతి ఫలితాలకు జరిగే హడావుడి ఇక్కడ పిల్లల పరుగు పందేలకు కూడా జరుగుతుంది.

అంజూ గారు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మహిళల్లో ఆరు మీటర్లు దాటిన తొలి భారతీయురాలు మెర్సీ కుట్టన్ గారిది కూడా కేరళే, పి. టి. ఉష గారి సంగతి చెప్పనక్కరలేదు. త్రిశ్శూర్ విమలా కళాశాలలో చదువుకునే నాటికి అంజూ గారు ఏడు అంశాల పోటీ అయిన హెప్టాథ్లాన్ చేసేవారు, ట్రిపుల్ జంప్‌లో 1999లో బెంగళూరులో జాతీయ రికార్డు కూడా నెలకొల్పారు. లాంగ్‌జంప్ మీదే పూర్తిగా దృష్టి నిలిపింది ఆ తరువాతే.

ఆమె భర్త రాబర్ట్ బాబీ జార్జ్ గారి గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఆయన మెకానికల్ ఇంజినీరు, తానే ట్రిపుల్ జంప్‌లో జాతీయ ఛాంపియన్, వాలీబాల్ దిగ్గజం జిమ్మీ జార్జ్ తమ్ముడు. తన ఆటను పక్కన పెట్టి ఆమెకు పూర్తికాలపు శిక్షకుడయ్యారు. మన ఇళ్లలో భార్య ఉద్యోగం కోసం భర్త తన పని మానుకున్నాడంటే ఈ రోజుకూ నాలుగు రకాలుగా అనుకుంటారు. ఆయన ఆ పని పాతికేళ్ల కిందటే, ఎవరి మెప్పూ ఆశించకుండా చేశారు.

ఇసుకగుంత మాస్టారు

అమ్మా, ఇంత వివరం నాకు తెలియదు. థామస్ మాష్ గారి మాట చదువుతుంటే మనసు నిండిపోయింది. రేపు పిల్లలకు కోరుత్తోడు నుంచే మొదలుపెడతాను.

రెండో నమూనా

ఏథెన్స్ గురించి చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. 2004 ఏథెన్స్ ఫైనల్లో తత్యానా లెబెదేవా 7.07, ఇరీనా సిమాగినా 7.05, తత్యానా కొతోవా 7.05 దూకి రష్యాకు మూడు పతకాలూ తెచ్చారు. ఆస్ట్రేలియాకు చెందిన బ్రోన్విన్ థాంప్సన్ 6.96తో నాలుగో స్థానంలో, అమెరికాకు చెందిన మారియన్ జోన్స్ 6.85తో ఐదో స్థానంలో నిలిచారు. 6.83 దూకిన అంజూ గారిది ఆరో స్థానం. 2007లో జోన్స్ తాను నిషిద్ధ ఉత్ప్రేరకాలు వాడినట్లు ఒప్పుకోవడంతో ఆమె ఫలితాన్ని రద్దు చేశారు, అంజూ గారు ఐదో స్థానానికి వచ్చారు.

తరువాతి సంగతులు ఇంకా ఉన్నాయి. 2005 హెల్సింకి పోటీల నాటి కొతోవా నమూనాను కొన్నేళ్ల తరువాత తిరిగి పరీక్షించినప్పుడు నిషిద్ధ పదార్థం బయటపడింది. అందువల్ల ఆ తేదీ నుంచి రెండేళ్ల ఫలితాలను కొట్టివేశారు. మోంటే కార్లో పోటీ ఆ రెండేళ్లలోనే పడుతుంది. అక్కడ కొతోవా మొదటి స్థానంలో, అంజూ గారు రెండో స్థానంలో నిలిచారు. ఆ విధంగా 2005 సెప్టెంబరులో దూకిన గెంతుకు 2014లో వెండి బంగారమైంది. లెబెదేవా 2008 బీజింగ్‌లో గెలిచిన రెండు వెండి పతకాలను కూడా తిరిగి పరీక్షల్లో దోషం తేలడంతో 2017లో వెనక్కు తీసుకున్నారు.

తొమ్మిదేళ్ల తరువాత ఒక ఉత్తరం ద్వారానో ప్రకటన ద్వారానో వచ్చే బంగారం ఎలాంటిదో ఆలోచించండి. ఆ రోజు వేదిక మీద పై మెట్టు ఎక్కవలసిన మనిషి ఆ మెట్టు ఎక్కలేదు. జనగణమన వినిపించవలసిన చోట వినిపించలేదు. ఆ ఊపులో రావలసిన ఆహ్వానాలు, ప్రోత్సాహకాలు, ఇంట్లో అమ్మానాన్నల సంతోషం ఏవీ ఆ వేళకు రాలేదు. పతకం రంగు మార్చవచ్చు గానీ ఆ సాయంత్రాన్ని మళ్లీ తెచ్చి ఇవ్వలేరు. దీనిమీద నాకు చాలా బాధ ఉంది, దాచుకోను.

తూకంరాళ్లు

రెండో నమూనా గారి టపా చదివాక, పారిస్ పతకాన్ని నేను చూసిన తీరు సరికాదని ఒప్పుకుంటున్నాను. ఎదుటివారి అంకెల పక్కన ఈమె అంకెలను పెట్టి తూచేటప్పుడు, ఆ అంకెలన్నీ ఒకే విధంగా వచ్చినవి కావన్న విషయాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. 7.52 ఎత్తి చూపడం కూడా తొందరపాటే.

అయితే ఒక మాట మాత్రం పట్టుకుని ఉంటాను. ఏథెన్స్‌లో మొదటి ముగ్గురి పతకాలు అధికారికంగా నేటికీ వారివే. మరో పోటీలో, మరో ఏడాది దొరికిన దోషాన్ని ఏథెన్స్‌కు అంటగట్టి, "అసలు పతకం మనదే" అని పిల్లలకు చెప్పడం న్యాయం కాదు. అనుమానం ఎంత బలంగా ఉన్నా అది రుజువు కాదు.

రెండో నమూనా

మీ మాట సబబుగానే ఉంది, ఒప్పుకుంటున్నాను. అంజూ గారు తనకు దక్కవలసినది దక్కలేదని పలుమార్లు బహిరంగంగానే అన్నారు, ఆ హక్కు ఆమెకు ఉంది. మనం మాత్రం రుజువైనంత వరకే చెప్పాలి. రుజువైనది కూడా తక్కువేమీ కాదు.

ఆఖరి అడుగు

ఏథెన్స్ గురించి మరొక విధంగా కూడా చెప్పవచ్చు, దానికి ఎవరి మీదా అనుమానం అక్కరలేదు. ఏథెన్స్‌లో దూకిన 6.83ను పారిస్‌కు తీసుకువెళ్లి పెట్టండి, అక్కడ అది 6.74ను దాటి వెండి అవుతుంది. హెల్సింకికి తీసుకువెళ్లండి, గెలిచిన టియానా మాడిసన్ దూరం 6.89 కాబట్టి అక్కడ కూడా వెండే. దూకేవారి చేతిలో ఉన్నది తమ దూరం మాత్రమే. ఆ పూట ఎదుటివారు ఎంత దూకుతారన్నది వారి చేతిలో ఉండదు. ఏథెన్స్‌లో అంజూ గారు తన చేతిలో ఉన్న పనిని తన జీవితంలో మరెన్నడూ చేయనంత బాగా, ఒలింపిక్ ఫైనల్ ఒత్తిడిలో చేశారు. సొంత రికార్డును ఇంటి మైదానంలో కాక ఒలింపిక్ ఫైనల్లో బద్దలుకొట్టేవారు చాలా అరుదు. మాస్టారి ప్రశ్నకు నా జవాబు అదే. దూకే పిల్లలకు ఏథెన్స్‌నే ముందు చెప్పాలి.

గచ్చిబౌలి గ్యాలరీ

నేను ఇంకా పారిస్ పక్షమే. దూకే పిల్లలకు ఏథెన్స్ సరే. చూసే జనానికి, డబ్బు పెట్టవలసిన ప్రభుత్వాలకు, కూతురిని మైదానానికి పంపాలా వద్దా అని తటపటాయించే ఇంటి పెద్దలకు కంటికి కనిపించే పతకం కావాలి. ఆమె 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో 6.49తో కాంస్యం తెచ్చారు, ఆ క్రీడల అథ్లెటిక్స్‌లో పతకం పొందిన తొలి భారతీయ మహిళల్లో ఆమె ఒకరు. అదే ఏడాది బూసాన్ ఆసియా క్రీడల్లో 6.53తో బంగారం గెలిచారు. అర్జున, ఖేల్‌రత్న, పద్మశ్రీ వరుసగా వచ్చాయి. ఇవన్నీ ఉన్నా, మా నాన్నగారి లాంటి వారు ఆమె పేరు తెలుసుకున్నది పారిస్ తరువాతే.

పిల్లతల్లి

నేను ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మాయికి పన్నెండేళ్లు, లాంగ్‌జంప్ నేర్చుకుంటోంది. 2020 డిసెంబరులో అంజూ గారు తనకు ఒకే మూత్రపిండం ఉందని, నొప్పి మాత్రలు కూడా తన ఒంటికి పడవని, టేకాఫ్ కాలు దెబ్బతిన్న స్థితిలోనే ఇదంతా సాధించానని వెల్లడించినప్పుడు నేను ఆ వార్తను రెండుసార్లు చదివాను. మా బంధువులు అందరూ "చూశావా, ఎంత ధైర్యమో" అని ఒకరికొకరు పంపించుకున్నారు. నాకు ధైర్యం కంటే ముందు భయం వేసింది. నొప్పి మాత్ర వేసుకోలేని మనిషి, ప్రతి గెంతుకూ ఒంటి బరువుకు ఎన్నో రెట్ల దెబ్బను ఒక్క మడమ మీద మోసే ఆటలో ఎన్ని రాత్రులు ఎలా గడిపి ఉంటారో అని ఆలోచించాను.

నాకు రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఇలాంటి కథలు చెప్పి పిల్లలను నొప్పి భరించమని ప్రోత్సహించడం సరైనదేనా? ఈ వయసులో రోజూ దూకించడం మంచిదేనా? ఇంతకుముందు ఒక శిక్షకుడు మా అమ్మాయి చేత కాలు వాచి ఉండగానే ఇరవై సార్లు దూకించాడు. అడిగితే, "గొప్పవాళ్లు అందరూ ఇలాగే అయ్యారు" అన్నాడు. ఆ వారమే మాన్పించేశాను.

ఆఖరి అడుగు

అమ్మా, మాన్పించడం చాలా మంచి పని. అంజూ గారి శరీరం గురించిన నిర్ణయాలు పెద్ద వయసులో, వైద్యులను అడిగి, శాస్త్రం తెలిసిన శిక్షకుడు పక్కన ఉండగా తీసుకున్నవి. చీలమండ గాయం వల్ల 2000 సిడ్నీ ఒలింపిక్స్‌ను వదులుకుని ఆమె విశ్రాంతి తీసుకున్నారు. మళ్లీ వచ్చి 2001లో 6.74 దూకారు. నొప్పి భరించడం గురించి కాక, ఆగవలసినప్పుడు ఆగడం గురించి ఆ కథను పిల్లలకు చెప్పవచ్చు. ఒకే మూత్రపిండం ఉన్న పిల్లలు ఏ ఆట ఆడవచ్చో చెప్పవలసినది వైద్యుడు, వార్తాకథనం కాదు.

పన్నెండేళ్లకు పూర్తి పరుగుతో రోజూ దూకించనక్కరలేదు. వారానికి రెండు రోజులు, కురచ పరుగుతో, మెత్తటి ఇసుకలో చాలు. మిగిలిన రోజుల్లో పరుగు, హర్డిల్స్, కుంటిగెంతులు, బంతి విసరడం లాంటివి చేయించండి. అంజూ గారు హెప్టాథ్లాన్ నుంచి వచ్చారన్న మాటను కొట్టాయం కోడలు గారు రాశారు కదా, అందులోని మేలు ఇదే. మన తెలంగాణ అమ్మాయి అగసర నందినిని చూడండి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది, ఆ ఏడు అంశాల్లో లాంగ్‌జంప్ కూడా ఒకటి. ఒంటికి అన్ని పనులూ నేర్పితే ఏది తనదో అదే తరువాత బయటపడుతుంది.

ఒక్క చిన్న సంగతి ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆఖరి అడుగుకు ముందటి అడుగు కాస్త పొడవుగా, నడుము కొద్దిగా కిందికి దిగేలా పడాలి, ఆఖరి అడుగు కురచగా, చురుగ్గా పడాలి. చాలామంది పిల్లలు దీన్ని తిరగేసి, చెక్కను అందుకోవాలని ఆఖరి అడుగును సాగదీస్తారు. అలా సాగదీసిన కాలు బ్రేకు వేసినట్లు పనిచేస్తుంది, మోకాలి నొప్పులు అక్కడే మొదలవుతాయి. పెరట్లో సుద్దతో రెండు గీతలు గీసి, నడక వేగంతో చేయించి చూడండి.

పిల్లతల్లి

సుద్దగీతల మాట చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండీ. ఈ సాయంత్రమే డాబా మీద గీయిస్తాను.

కంఠీరవ మెట్లు

బెంగళూరులో ఉంటున్నాను, ఇక్కడి పోటీలకు తరచుగా వెళ్తుంటాను. అంజూ గారి జీవితంలో రెండో భాగం ఇంకా ఎవరూ రాయలేదు. దూకడం ఆపిన తరువాత ఆమె భర్తతో కలిసి ఇక్కడ క్రీడా ఫౌండేషన్ ఏర్పాటు చేసి అమ్మాయిలకు శిక్షణ ఇస్తున్నారు. ఝాన్సీ నుంచి వచ్చిన శైలీ సింగ్ అక్కడే తయారైంది. బట్టలు కుట్టి ఒంటరిగా పిల్లలను పెంచిన తల్లి కూతురు ఆమె. 2021లో నైరోబీలో జరిగిన 20 ఏళ్లలోపు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో శైలీ 6.59 దూకితే, స్వీడన్ అమ్మాయి మయా ఆస్కాగ్ 6.60 దూకి బంగారం తీసుకుంది. ఒక్క సెంటీమీటరు. చూపుడువేలు గోరంత తేడాకు రంగు మారిపోయింది. ఆ ఏడాదే ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ అంజూ గారిని 'వుమన్ ఆఫ్ ది ఇయర్' పురస్కారానికి ఎంపిక చేసింది. అమ్మాయిలను ఆటల్లోకి తెస్తున్నందుకు ఇచ్చిన గౌరవమది.

2023 ఏప్రిల్‌లో ఇక్కడి కంఠీరవ స్టేడియంలో శైలీ 6.76 దూకినప్పుడు నేను గ్యాలరీలోనే ఉన్నాను. దూరం తెరపై కనిపించగానే నా వెనక వరుసలో ఒక పెద్దాయన "ఇంకా ఏడు" అన్నాడు. అంతమందిలో ఆయన ఒక్కడే 6.83తో పోల్చుకుని లెక్కవేశాడేమో అనుకుని వెనక్కు తిరిగి చూశాను, ఆ వరుసలో అందరూ అదే లెక్కలో ఉన్నారు.

తూకంరాళ్లు

నాకు ఒక సందేహం. 6.83 రెండు దశాబ్దాలకు పైగా ఎందుకు నిలిచింది? ఈ కాలంలో బూట్లు మారాయి, సింథటిక్ ట్రాకులు పెరిగాయి, విదేశీ శిక్షణ తేలికైంది. అంజూ గారు పారిస్‌కు ముందు, పురుషుల లాంగ్‌జంప్‌లో ప్రపంచ రికార్డు నెలకొల్పిన మైక్ పావెల్ దగ్గర శిక్షణ పొందడం అప్పట్లో పెద్ద వార్త. ఇప్పుడు అలాంటివి మామూలయ్యాయి కదా?

కంఠీరవ మెట్లు

నేను గమనించినంతలో చెప్తాను. పతకాలకు కరువు లేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ప్రజూష, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో నీనా, హాంగ్‌జౌలో 6.63తో ఆన్సీ సోజన్ వెండి పతకాలు గెలిచారు. ముగ్గురూ కేరళ అమ్మాయిలే. అయితే ఆసియాలో వెండికి 6.50, 6.60 సరిపోతున్నంత కాలం చాలామంది అక్కడే ఆగుతారు. అంజూ గారు, బాబీ గారు మాత్రం బూసాన్ బంగారం వచ్చిన మర్నాటి నుంచే యూరప్ పోటీల వైపు చూశారు. తనకంటే ముప్పై సెంటీమీటర్లు ఎక్కువ దూకేవారి మధ్య ఆరో స్థానమో ఏడో స్థానమో తెచ్చుకుంటూ తిరగడానికి మనసు గట్టిగా ఉండాలి. ఇక్కడ మొదటి స్థానం వదులుకుని అక్కడ ఓడిపోవడానికి వెళ్లేవారు తక్కువ. నా ఉద్దేశంలో 6.83ను ఇన్నాళ్లు నిలిపింది ఆ తెగింపే.

కొట్టాయం కోడలు

దానికి తోడు కోరుత్తోడు లాంటి బడులు తగ్గిపోతున్నాయన్నది కూడా నా బాధ. థామస్ మాష్ లాంటి వారు పదవీ విరమణ చేస్తే, ఆ స్థానంలో అదే పట్టుతో నిలబడేవారు ప్రతిసారీ దొరకరు. మాస్టారి టపాలో గుంత ఆరు మీటర్ల దగ్గర ముగుస్తుందన్న వాక్యం చదివినప్పటి నుంచి నాకు అదే కళ్ల ముందు మెదులుతోంది. పిల్ల నిజంగా దూకితే పడేది గట్టు మీద కదా మాస్టారూ!

ఇసుకగుంత మాస్టారు

కొట్టాయం కోడలు గారి ఆ మాట నాకు సూటిగా తగిలింది. పన్నెండేళ్లుగా ఆ గుంతలో దూకిస్తున్నాను, అది పొట్టిదన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు, ఎందుకంటే మా పిల్లలు ఆరు మీటర్లు దూకుతారని నేనే అనుకోలేదు.

సోమవారం కోరుత్తోడుతో మొదలుపెట్టి, సిడ్నీకి వెళ్లలేకపోవడం, పారిస్, ఏథెన్స్, మోంటే కార్లో, బీజింగ్ అన్నీ వరుసగా చెప్పాను. ఏదీ దాచలేదు. మోంటే కార్లో బంగారం తొమ్మిదేళ్లకు వచ్చిందని చెప్పినప్పుడు వెనక వరుసలో ఆడపిల్లలు గట్టిగా "అన్యాయం సార్" అన్నారు. ఒలింపిక్ పతకం గురించి అడిగిన పదో తరగతి కుర్రాడు మాత్రం ఏమీ అనలేదు, చివరలో వచ్చి, "ఆ మేకు దాకా తవ్వుదామా సార్?" అన్నాడు.

ఆదివారం పొద్దున ఎనిమిది మంది పిల్లలు, నేను, ఊరి నుంచి ఇద్దరు పెద్దవాళ్లు గడ్డపారలతో, పారలతో దిగాము. వేపవేళ్లు అడ్డం వచ్చిన చోట గుంతను కొంచెం పక్కకు జరపవలసి వచ్చింది. మధ్యాహ్నానికి ఏడున్నర మీటర్ల దాకా తవ్వగలిగాము. మేకును గట్టు పక్కగా 6.83 దగ్గరే మళ్లీ దిగగొట్టి ఎర్ర గుడ్డ కట్టాము. 4.41 దూకిన అమ్మాయి తన దూరం దగ్గర ఇంకొక మేకు తనే కొట్టుకుంది. పాత ఇసుక సగం గుంతకే సరిపోయింది. ఇంకా రెండు ట్రాక్టర్ల ఇసుక కావాలి, ఒక ట్రాక్టర్ ఇస్తామని ఊళ్లో ఒకరు మాట ఇచ్చారు.